ఇసుక దారిలో తప్పిపోయిన పెద్దలు

(వైశాఖ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘బౌద్ధ యాత్రికులు’ అనే అంశం మీద మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్ములను కోరారు. ఈ అంశాన్ని ఎవరు చేపట్టినా మూడు పేర్లు చెబుతారు: ఫాహియాన్, హుయాన్‌త్సాంగ్, ఇత్సింగ్. తరగతి గదిలో ఇన్నేళ్ళుగా మేము చెబుతున్నదీ ఆ మూడు పేర్లే. పరీక్షలో ప్రశ్న వచ్చేదీ వారి మీదనే. అయితే ఆ ముగ్గురూ స్వదేశానికి తిరిగి చేరినవారు. తిరిగి చేరినందువల్ల వారి గ్రంథాలు నిలిచాయి, గ్రంథాలు నిలిచినందువల్ల వారు మనకు తెలిశారు. చేరనివారి సంగతి ఏమిటి? వారిలో పలువురు వయసు మళ్ళినవారు. ఎడారిలోనో, ఎడారి దాటిన తరువాత పరాయి దేశంలోనో వారి జాడ పోయింది. వారిని ఎవరైనా వెదికారా? వెదికితే ఎలా వెదికారు? ఈ రోజు మేము మాట్లాడదలచినది ఈ ప్రశ్నను గురించి.

ముందుగా మన నగరంలోని ఒక స్తంభాన్ని తలచుకుందాం. ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల మీద నిలిచి ఉన్న అశోక స్తంభాన్ని మీలో చాలామంది చూసి ఉంటారు, కనీసం పక్కనున్న క్రికెట్ మైదానానికి వెళ్ళినప్పుడైనా. పద్నాలుగవ శతాబ్దిలో ఫిరోజ్‌షా తుగ్లక్ దానిని తోప్రా గ్రామం నుండి యమున మీదుగా తెప్పించి అక్కడ నిలబెట్టించాడు. అందులోని లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదవగలిగాడు. మరే అశోక స్తంభం మీదా లేని ఏడవ శాసనం దాని మీద ఉన్నది. బాటల పొడవునా పశువులకు, మనుషులకు నీడనిచ్చే మర్రిచెట్లు నాటించినట్లు, మామిడి తోపులు వేయించినట్లు, బావులు తవ్వించినట్లు, విశ్రాంతి గృహాలు, చలివేంద్రాలు ఏర్పరచినట్లు అశోకుడు అందులో చెప్పుకున్నాడు. వయసు మీరిన వారి పట్ల మర్యాదగా మెలగడాన్ని ధమ్మాచరణలో ఒక భాగంగా అదే శాసనంలో పేర్కొన్నాడు. నీడ, నీరు, వృద్ధుల పట్ల మర్యాద ఒకే రాతి మీదకు ఎక్కాయి. దారి వేసిన ప్రభువు ఆ దారిన నడిచేవారి పట్ల బాధ్యత వహించాలన్న భావన మన నేలలో అంత పాతది.

బావి లేని చోట, చెట్టు నాటుకోని చోట ఏమవుతుంది?

క్రీ.శ. 399లో ఫాహియాన్ చాంగాన్ నగరం నుండి బయలుదేరాడు. వినయ గ్రంథాలు తన దేశంలో అసమగ్రంగా ఉన్నాయన్న బాధ ఆయనను కదిలించింది. అప్పటికి ఆయన వయసు అరవైకి అటూ ఇటూ అని చరిత్రకారుల అంచనా. మన ఇళ్ళలో అయితే ఆ వయసు వారిని వీధి చివరి దుకాణానికి కూడా ఒంటరిగా పంపము. ఆయన డున్‌హువాంగ్ దాటి పదిహేడు రోజులు ఎడారిలో నడిచాడు. పైన ఎగిరే పిట్ట లేదని, కింద పాకే జీవి లేదని, దారి ఎటో చూడబోతే చనిపోయిన వారి ఎముకలు తప్ప గురుతు లేదని ఆయన వర్ణించాడు. తరువాత తక్లమకాన్ ఇసుకను అడ్డంగా కోసుకుంటూ ఖోతాన్ చేరడానికి ఒక నెల అయిదు రోజులు పట్టింది.

చాంగాన్ నుండి ఆయనతో నలుగురు వచ్చారు. దారిలో మరికొందరు కలిశారు. కొందరు ప్రయాణ సంభారాల కోసమని వెనుదిరిగారు. ఒకరు వేరే భిక్షువు వెంట కాశ్మీరం వైపు పోయారు. హుయిజింగ్ మంచుకొండల గాలికి ఆగలేక ఫాహియాన్ చేతులలోనే కన్నుమూశాడు. దావోజెంగ్ పాటలీపుత్రంలోని సంఘ నియమాన్ని చూసి ముచ్చటపడి అక్కడే ఉండిపోయాడు. చివరకు సింహళంలో, అభయగిరి విహారంలో బుద్ధ ప్రతిమ ముందు ఒక వర్తకుడు సమర్పించిన చీనా పట్టు విసనకర్రను చూసి ఫాహియాన్ కన్నీరు పెట్టుకున్నాడు. మా విద్యార్థులు ఈ ఘట్టాన్ని ఇంటి మీద బెంగగా రాస్తారు. అది కూడా కొంత నిజమే. కానీ ఆ వాక్యాలకు ముందు ఆయన చెబుతున్నది విడిపోయిన సహచరులను గురించి. కొందరు పోయారు, కొందరు నిలిచిపోయారు, తన నీడ తప్ప తోడు లేదు. ఆ విసనకర్ర ఒక లెక్కను గుర్తుకు తెచ్చిందని మా అభిప్రాయం.

ఎడారిలో మనిషి ఎలా తప్పిపోతాడో తెలిస్తే గాని, వెదకడం ఎందుకు కష్టమో తెలియదు. అక్కడ అడుగుజాడ నిలవదు. గాలి వీచగానే ఇసుక కదిలి జాడను పూడ్చివేస్తుంది. నిన్నటి దిబ్బ నేడు ఆ ఆకారంలో ఉండదు. నియా పట్టణానికి తూర్పున ఉన్న ఇసుకను గురించి హుయాన్‌త్సాంగ్ రాసినది కూడా ఇదే: బాటసారులు ఎముకలు పోగుచేసి దారి గురుతులుగా పెట్టుకుంటారు, ఎవరో పాడినట్లు, ఏడ్చినట్లు వినిపించి, ఆ ధ్వని వెంట పోయినవారు తిరిగి రారు. దాహంతో, ఎండ దెబ్బతో మతి చెదిరినప్పుడు కలిగే భ్రమగా నేటి వైద్యులు దీనిని వివరిస్తారు. నాటి వారు దయ్యాలన్నారు. పేరు ఏదైనా, మనిషి దారి నుండి పక్కకు తొలగుతాడు. ముందు నడిచేవారు వెనుదిరిగి చూసేసరికి కనబడడు.

అందుకే ఎడారి అంచు రాజ్యాలు ఒక ఏర్పాటు చేసుకున్నాయి. అదే నియా శిథిలాలలో 1901లో ఆరెల్ స్టైన్ ఖరోష్ఠి లిపిలోని చెక్క ఫలకాలను వెలికితీశాడు. మూడు, నాలుగు శతాబ్దుల నాటివి. వాటి భాష మన వాయవ్య భారతపు ప్రాకృతం. వాటిలో ఒక రాజాజ్ఞ ఖోతానుకు వెళ్ళిన రాయబారిని గురించినది. ఒక ఊరి కాపలావారు తరువాతి ఊరి దాకా తోడు రావాలి, అక్కడి నుండి ఆ ఊరివారు అందుకోవాలి, వారి కూలి చట్టప్రకారం ఇవ్వాలి. ఇదీ ఏర్పాటు. దారి తెలిసిన మనిషిని తోడు ఇవ్వవలసిందని చెప్పే ఆజ్ఞలు ఆ ఫలకాలలో ఇంకా ఉన్నాయి. రాయబారికి ఈ భాగ్యం ఉన్నది. చేతిలో భిక్షాపాత్ర తప్ప రాజముద్ర లేని సన్యాసికి ఎవరు తోడిస్తారు?

హుయాన్‌త్సాంగ్ కథలో ఒక ముసలివాడు కనిపిస్తాడు. గువాజౌ పట్టణంలో, దారి చూపడానికి ఒప్పుకున్న మనిషి ఆ ముసలివానిని వెంటబెట్టుకొని వస్తాడు. పెద్ద బృందాలే దారి తప్పుతాయి, ఒంటరివాడివి, ప్రాణం మీదకు తెచ్చుకోకు అని అతడు హెచ్చరిస్తాడు. భిక్షువు వినకపోయేసరికి, ఎడారికి అవతలి గట్టున ఉన్న హామీకి పదిహేను సార్లు పోయి వచ్చిన తన బక్కచిక్కిన ముసలి గుర్రాన్ని ఇచ్చి పంపుతాడు. దారి చూపుతానన్న మనిషి నడుమ వెనుదిరిగాడు. నీటి తిత్తి చేయి జారి ఒలికిపోయింది. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. అప్పుడు గుర్రం తనంత తానుగా ఒక వైపు తిరిగి, ఎంత లాగినా ఆగక, పచ్చిక ఉన్న మడుగు వద్దకు చేర్చింది. ఆనాటి హుయాన్‌త్సాంగ్ వయసు ముప్పైకి అటూ ఇటూ. ఆయనను కాపాడినవి ఒక ముసలి మనిషి అనుభవం, ఒక ముసలి జంతువు జ్ఞాపకం. వృద్ధులు ప్రయాణానికి బరువని అనుకునేవారికి మేము ఈ గుర్రాన్ని చూపిస్తాం.

స్టైన్ కూడా దండాన్ ఓయిలిక్ శిథిలాలకు దారి కనుక్కున్నది తుర్ది అనే వృద్ధ నిధుల వేటగాని సాయంతోనే. శీతాకాలంలో నీటిని మంచుగడ్డలుగా సంచులలో మోయించుకొని ఇసుకలోకి ప్రవేశించడం స్టైన్ పద్ధతి. దానికి ముందు 1895లో స్వీడన్ దేశపు స్వెన్ హెడిన్ చాలినంత నీరు లేకుండానే తక్లమకాన్‌లోకి దిగాడు. నీరు అయిపోయింది. బృందంలో పెద్దవాడు, నెరిసిన గడ్డం మహమ్మద్ షా, మరొక పనివాడు దారిలోనే నిలిచిపోయారు. ప్రాణాలతో నది చేరిన హెడిన్, వెనుక పడిపోయిన కాసిం అనే మనిషికి తన బూట్లలో నీరు నింపి తీసుకుపోయాడు. కాసిం బతికాడు. ఆ ఇద్దరూ తిరిగి రాలేదు. హెడిన్ పేరు పటాలలోకి ఎక్కింది. మహమ్మద్ షా పేరు ఎవరి పాఠ్యపుస్తకంలోనూ లేదు.

ఇక ఇత్సింగ్ వద్దకు వద్దాం. మేము ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే ఆయన కోసం.

ఇత్సింగ్ 671లో సముద్ర మార్గాన బయలుదేరి, నలందలో పదేళ్ళ దాకా గడిపి, స్వదేశానికి తిరిగి పోతూ సుమత్రా దీవిలోని శ్రీవిజయంలో ఆగాడు. అక్కడ 691 ప్రాంతంలో ఆయన రాసిన రెండు గ్రంథాలలో ఒకటి భారతదేశపు విహారాల ఆచారాలను గురించినది. అది మన చరిత్రకారులకు బాగా తెలుసు. రెండవది ధమ్మాన్ని వెదుక్కుంటూ పడమటి దేశాలకు పోయిన భిక్షువుల చరిత్రలు. అందులో 56 మంది ఉన్నారు. ఎడారి దారిన పోయినవారు, టిబెట్ మీదుగా పోయినవారు, ఓడలెక్కినవారు. తిరిగి చేరినవారు బహు కొద్దిమంది. పుణ్యపురుషుల చరిత్రగా దానిని చదివేవారున్నారు. చదువుతున్నకొద్దీ మాకు మాత్రం అది తప్పిపోయినవారి పట్టికగా కనబడింది.

ఆయన ఎలా వెదికాడో చూడండి. నలందలో ఒకనాడు చీనా గ్రంథాలను పరిశీలిస్తూ ఉంటే, ఒక ప్రతి చివర చిన్న రాత కనబడింది. దంతధావనపు చెట్టు కింద కూర్చుని సిల్లా దేశపు భిక్షువు హ్యేయోప్ దీనిని రాశాడని అందులో ఉన్నది. సిల్లా అంటే నేటి కొరియా. వెంటనే ఇత్సింగ్ విహారంలోని వారిని అడిగాడు. ఆయన ఇక్కడనే గతించాడు, వయసు అరవై ప్రాంతం ఉంటుంది అని వారు చెప్పారు. ఆయన రాసుకున్న సంస్కృత ప్రతులు నలందలోనే ఉండిపోయాయి. కొరియాలో ఆయన కోసం ఎదురు చూసినవారు ఎవరో, ఎన్నేళ్ళు చూశారో ఎవరూ రాసిపెట్టలేదు. ఒక చేవ్రాత, దానిని చూసి ఒక ప్రశ్న, ఆ ప్రశ్నకు ఒక జవాబు. అంతటితో ఒక వృద్ధుని జాడ దొరికింది. ఇత్సింగ్ ఆ పుటను తిప్పివేసి ఉంటే హ్యేయోప్ ఈ భూమి మీద నడిచినట్లే మనకు తెలియకపోయేది.

అన్ని జాడలూ ఇలా దొరకలేదు. లుంగ్ అనే భిక్షువు ఏ ఊరివాడో తెలియదని, ఉత్తరపు దారిన వచ్చి గాంధారంలో జబ్బుపడి పోయాడని, ఉత్తరాది నుండి వచ్చిన భిక్షువులు చెప్పగా విన్నానని ఇత్సింగ్ రాశాడు. మరి ముగ్గురు ఉద్యాన దేశం దాకా చేరారట, బుద్ధుని శిరోధాతువును దర్శించడానికి పోయారట. వారు ఇప్పుడు ఉన్నారో లేరో తెలియదని, ఉద్యాన భిక్షువు ఒకరు చెప్పిన మాట ఇదని నమోదు చేశాడు. సిల్లా దేశపు ఇద్దరి విషయంలో పేర్లు కూడా దొరకలేదు. పేరు తెలియని ఇద్దరు అనే రాసి, వారికీ గ్రంథంలో చోటిచ్చాడు.

మా వృత్తిలో ఉన్నవారికి ఇది పాఠం కావాలి. పేరు లేనివానిని మేము వదిలివేస్తాం. చావు తేదీ లేనివానిని ‘సుమారు’ అనే మాట కింద దాచివేస్తాం. ఇత్సింగ్ మాత్రం ఎవరు చెప్పారో, ఎటు నుండి వచ్చినవారు చెప్పారో, తాను కళ్ళారా చూసినది ఏదో, విన్నది ఏదో విడివిడిగా రాశాడు. ఆ దిక్కు నుండి ఎవరు వచ్చినా ఆపి అడిగాడు.

షువాన్‌జావో కథ ఒకటి చెప్పక తప్పదు. మధ్య ఆసియా, టిబెట్ దారుల మీదుగా ఈ దేశానికి వచ్చి, జలంధరంలో, మహాబోధిలో, నలందలో ఏళ్ళ తరబడి చదివి, క్షేమంగా తిరిగి వెళ్ళినవాడు ఆయన. చక్రవర్తి ఆయనను మళ్ళీ పంపాడు. ధమ్మం కోసం కాదు. దీర్ఘాయువు కలిగించే మందు తెలిసిన ఒక బ్రాహ్మణుని తీసుకురావడానికి. ఏలినవారి ఆయుష్షు పెంచడానికి ఒక వృద్ధ భిక్షువు ఆయుష్షును దారి పాలు చేశారన్నమాట. ఈసారి నేపాలం దారిని టిబెట్ సేనలు మూసివేశాయి, కపిశ దారిని అరబ్బులు పట్టుకున్నారు. నలందలో ఇత్సింగ్ ఆయనను కలుసుకున్నాడు. స్వదేశంలో మళ్ళీ కలుద్దామన్న ఆశ ఇద్దరికీ ఉండి ఉంటుంది. అరవై దాటిన వయసులో షువాన్‌జావో మధ్య భారతంలోనే జబ్బుచేసి మరణించాడు. దారి తప్పలేదు, దారులే మూసుకుపోయాయి. ఇంటివారికి రెండూ ఒకటే.

మన తెలుగు నేల వైపు చూద్దాం. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన మూడవ శతాబ్ది శాసనం ఉన్నది. తంబపన్ని, అంటే సింహళ, థేరుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. ఆ ఆచార్యులు ధమ్మంతో ప్రసన్నం చేసిన దేశాల వరుస అందులో ఉన్నది: కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవనం, ఇంకా కొన్ని. కృష్ణ ఒడ్డున నిలబడి గాంధారాన్ని, చీనాను లెక్కించినవారు ఆ దారులను ఎరిగినవారే. దేశాల పేర్లున్నాయి. అక్కడికి నడిచివెళ్ళిన భిక్షువులలో ఒక్కరి పేరూ లేదు. ఎవరు తిరిగి వచ్చారో, ఎవరు ఇసుకలో నిలిచిపోయారో చెప్పే ఇత్సింగ్ మనకు లేకపోయాడు. తరువాత నాలుగు వందల ఏళ్ళకు హుయాన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చి, అక్కడి పండితుల వద్ద మహాసాంఘికుల అభిధర్మాన్ని చదువుకొని పోయాడు. ఆయన రాకపోకలు మనకు తెలుసు. ఆయనకు పాఠం చెప్పినవారి శిష్యులు ఎటు పోయారో తెలియదు.

మన నగరంలో జనపథ్ మీద ఉన్న జాతీయ మ్యూజియంలో స్టైన్ ఎడారి నుండి తెచ్చిన వస్తువులు వేల సంఖ్యలో ఉన్నాయి. మిరాన్ కుడ్యచిత్రాలు, డున్‌హువాంగ్ పట్టు చిత్రాలు. ఆయన రెండవ యాత్ర ఖర్చులో అధిక భాగం నాటి భారత ప్రభుత్వం పెట్టుకున్నందువల్ల మనకు దక్కిన వాటా అది. డున్‌హువాంగ్ చిత్రాలలో ఒక కోవ ఉన్నది. దాని ప్రతులు ప్రపంచంలో పలు మ్యూజియాలలో కనబడతాయి. వెడల్పాటి టోపీ పెట్టుకొని, వీపున గ్రంథాల మోపు కట్టుకొని, పక్కన పులి నడుస్తుండగా పోతున్న భిక్షువు. ఆ ముఖం సాధారణంగా ముడుతలు పడిన ముఖమే. చిత్రకారుడు ఏ ఒక్క భిక్షువునూ ఉద్దేశించలేదని, దారిన పోయిన వారందరినీ ఒకరిగా గీశాడని మాకు తోస్తుంది.

ఇది పాత కాలపు ముచ్చట కాదు. 2024 ఆగస్టులో సౌదీ అరేబియా ఎడారిలో, తెలంగాణ నుండి పనికి పోయిన యువకుడొకడు తన సహచరునితో పాటు దారి తప్పి, బండిలో ఇంధనం అయిపోయి, నీరు లేక మరణించాడు. చేతిలో దారి చూపే యంత్రం ఉన్నది, అది పనిచేయలేదు. మనిషి తప్పిపోవడానికి ఇసుకే ఉండాలన్న నియమమూ లేదు. మాకు పరిచయమున్న ఒక తెలుగు కుటుంబంలోని పెద్దాయన కొడుకు దగ్గర ఉండడానికి ఢిల్లీ శివారుకు వచ్చారు. తెలుగు తప్ప మరో భాష రాదు. ఒక జూన్ నెల తెల్లవారుజామున నడకకు వెళ్ళి తిరిగి రాలేదు. మూడేళ్ళు గడిచాయి. ఢిల్లీ, చుట్టుపక్కల రాష్ట్రాల పోలీసులు తప్పిపోయినవారి, గుర్తు తెలియని మృతుల వివరాలు ఉంచే జిప్‌నెట్ పట్టికను ఆ కొడుకు ప్రతి ఆదివారం తెరచి చూస్తాడు. ఆ తల్లి బొట్టు తీయలేదు. ఏడేళ్ళ పాటు ఏ కబురూ లేనివానిని మరణించినట్లు భావించవచ్చునని చట్టం చెబుతుంది. ఆస్తి పత్రాలకు, పింఛనుకు అది అవసరమే. కానీ ఆ ఇంట్లో ఏడేళ్ళ లెక్కను ఎవరూ పలకరు.

మొదటి రోజున అడిగిన ప్రశ్నలకు ఆ కొడుకు దగ్గర జవాబులు లేవని మాతో చెప్పాడు. ఏ రంగు చొక్కా వేసుకున్నారు? ఒంటి మీద పుట్టుమచ్చ ఎక్కడ? ఎవరి ఫోను నంబరు ఆయనకు నోటికి వచ్చు? కంగారులో ఊరి పేరు చెబుతారా, మండలం పేరు చెబుతారా? ముప్పై ఏళ్ళు కలిసి బతికినవారికి కూడా ఇవి తెలియవు. మనలో ఎంతమందికి తెలుసు?

మన సంఘం తరఫున ప్రతి ఏటా సారనాథ్‌కు, బోధ్‌గయకు, కుశినగర్‌కు బృందాలు వెళుతున్నాయి. వెళ్ళేవారిలో ఎక్కువమంది అరవై దాటినవారు. కార్యవర్గం ముందు మేము ఒక చిన్న ప్రతిపాదన ఉంచాం, వారు అంగీకరించారు. ఒక పుస్తకం పెడుతున్నాం. ఒక్కొక్కరికి ఒక పుట. పేరు, ఇంట్లో పిలిచే పేరు, పుట్టిన ఊరు, వాడే మందులు, నోటికి వచ్చిన ఫోను నంబరు. చివరి రెండు వరుసలు మాత్రం వారి చేవ్రాత కోసం విడిచిపెట్టాం, ఏమి రాసినా సరే. ఆ కింద ఖాళీ ఉంటుంది. ఎవరైనా కనబడకపోతే, ఆ వైపు నుండి వచ్చిన వారిని అడిగి, ఎవరు ఏమి చెప్పారో తేదీతో సహా అక్కడ రాస్తాం. తెలియనప్పుడు తెలియదనే రాస్తాం.

భోజనాల తరువాత ఆ పుస్తకం బయటి వరండాలో బల్ల మీద ఉంటుంది. మా విద్యార్థులు ఇద్దరు కళ్ళజోడు సరిగా లేనివారికి సాయపడతారు. పిల్లలకు మా మనవి ఒక్కటే: ఆ రెండు వరుసలు పెద్దల చేతనే రాయించండి, చేయి వణికినా సరే, వారి బదులు మీరు రాయకండి.